రాజు లేని పావుగంట

నేను చదివింది ఐదో తరగతి. అయినా డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు ఉన్నాను, అటెండరుగా. అందులో పదిహేనేళ్లు ఒకే గది ముందు, ఒకే స్టూలు మీద. ఆ గదిలో బి.ఏ. పిల్లలకు సమాజశాస్త్రం చెప్పేవారు. గంట కొట్టడం, హాజరు పుస్తకం తెచ్చి ఇవ్వడం, పరీక్షలప్పుడు జవాబు పత్రాలు కట్టలు కట్టడం నా పని. చాక్‌పీసు గోరంత మిగిలినా పారేయనిచ్చేదాన్ని కాదు. ఫ్యాన్లు ఊరికే తిరిగితే ఒప్పుకునేదాన్ని కాదు. పిల్లలకు నేనంటే భయం. ఆ భయం నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

మొన్న బస్సులో పక్క సీటు అమ్మాయి డిగ్రీలో సోషియాలజీ వచ్చిందని చెప్పింది, ఏదో జ్వరం వచ్చిందని చెప్పినట్టు. అసలు ఆ చదువు ఎందుకు పుట్టిందో తెలుసా అని అడిగాను. ఫోనులోంచి తల ఎత్తలేదు. ఆ పిల్ల వినలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. నాకు తెలిసింది తలుపు పక్కన కూర్చుని విన్నదే. తప్పులుంటే మీ సార్లను అడిగి దిద్దుకోండి.

ఆ పాఠం చెప్పే మా సార్ ఈ ఊరివారే. బొగ్గు గనుల ఊరు మాది. బజారులో వాళ్లకు తాతల నాటి బట్టల దుకాణం ఉంది. అన్నదమ్ములు దుకాణంలో కూర్చుంటే ఈయన ఒక్కరే చదువులో పడ్డారు. "మా అన్న మనిషి మెట్లెక్కుతుంటేనే ఎంత గుడ్డ కొంటడో చెప్తడు అమ్మా. నేను మనుషుల గురించే ఇన్నేండ్లు చదివిన, ఒక్కటీ చెప్పలేను" అనేవారు. చొక్కా ఎప్పుడూ మంచి గుడ్డే వేసేవారు. దుకాణం సొంతం కదా.

ప్రతి ఏడూ మొదటి క్లాసు ఆయనది ఒక పద్ధతి. గదిలోకి వచ్చి పేర్లు కూడా పిలిచేవారు కాదు. "అమ్మా, నా కుర్చీ జర బయట వెయ్యి" అనేవారు. నేను వేదిక మీది కుర్చీ ఎత్తి వరండాలో వేసేదాన్ని. ఆయన పిల్లల వైపు తిరిగి, "రాజు పోయిండు. పావుగంట మీ ఇష్టం" అని బయటకు వచ్చి, వాళ్లకు కనిపించకుండా గోడవారగా కూర్చునేవారు.

లోపల మొదట ఎవరూ కదిలేవారు కాదు. తర్వాత గుసగుసలు. ఆ తర్వాత సంత. ఒక ఏడు అందరూ లేచి టీ తాగడానికి పోయారు. ఒక ఏడు ఒక పిల్లవాడు వేదిక ఎక్కి తానే సార్ అయిపోయి హాజరు పిలిచాడు, సగం మంది ప్రెజెంట్ కూడా చెప్పారు. ఇంకో ఏడు ఫ్యాను కింద జాగా కోసం ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. నాకు లోపలికి పోయి రెండు అంటించాలని చేతులు దురద పెట్టేవి. సార్ మాత్రం కళ్లు మూసుకుని, పాట కచేరీ వింటున్నట్టు వినేవారు. పావుగంట కాగానే లోపలికి పోయి, ముందు ఎవరు మాట్లాడారు, ఎవరు ఎవర్ని నోరు మూసుకోమన్నారు, ఎవరు విన్నారు, ఆడపిల్లలు ఏం చేశారు అని అన్నీ అడిగి బోర్డు మీద రాసేవారు. అప్పుడు మొదలయ్యేది పాఠం.

ఫ్రాన్స్ అని ఒక దేశం. అక్కడ రాజును దేవుడే కూర్చోబెట్టాడని జనం నమ్మేవారట. ఎవరు పన్ను కట్టాలి, ఎవరు కట్టక్కర్లేదు, ఎవరు ఎవరికి వంగి దండం పెట్టాలి, అన్నీ పుట్టుకతోనే తేలిపోయేవి. తిండి కరువై జనం లేచారు. బిరుదులు తీసేశారు. పాత పరగణాలు చెరిపి కొత్త జిల్లాలు గీశారు. చేతిపని వాళ్ల సంఘాలు రద్దు చేశారు. రాజు తల తీసేశారు. చివరికి వారానికి ఏడు రోజులు కూడా వద్దని పది రోజులు పెట్టారు.

ఆ మాట దగ్గర ప్రతి ఏడూ ఎవడో ఒక గనుల కాలనీ పిల్లవాడు లేచేవాడు. "పది దినాలకు ఒక్క సెలవా సార్? మా నాయినైతే ఆ దినమే సమ్మెల కూసుంటుండె."

"ఆడ గూడ మీ నాయిన లాంటోళ్లు ఉన్నరు బిడ్డా. ఆ వారం నిలవలె" అనేవారు సార్.

నిలవనివి ఇంకా చాలా ఉన్నాయట. కాగితం మీద అందరూ సమానమని రాసుకున్నారు. చాలా రక్తం పారింది. పదేళ్లకు ఒక సిపాయి వచ్చి గద్దె ఎక్కాడు, అతను పోయాక చచ్చిన రాజు తమ్ముడే వచ్చి కూర్చున్నాడు. కొన్ని పాత సంగతులు నిజంగానే కూలిపోయాయి. కొన్నిటికి మాత్రం గీత కూడా పడలేదు. అప్పుడు కొందరికి అనుమానం మొదలైంది. ఈ మాట సార్ నెమ్మదిగా, ప్రతి ఏడూ అవే పదాలతో చెప్పేవారు కాబట్టి నాకు కంఠతా వచ్చు.

"రాజు ఉన్నన్ని దినాలు ఏది జరిగినా రాజే చేస్తున్నడు అనుకున్నరు. రాజు పోయిండు. అయినా జనం ఒకల ఎనక ఒకలు నిలబడుతనే ఉన్నరు. ఒకల్ని ఒకలు దూరం పెడుతనే ఉన్నరు. ఎవ్వలు హుకుం ఇయ్యలె. మరి గిదంత ఎవ్వలు చేస్తున్నట్టు? గా ప్రశ్న అడిగిన్రు చూడు, ఆడ పుట్టింది మన సబ్జెక్టు."

మనుషుల కట్టుబాట్లను ఇల్లు పీకి కట్టినట్టు పీకి కట్టలేమని, చేయి పెట్టి చెడగొట్టారని కొందరు వాదించారట. కాదు, పని సగంలో ఆగింది, తక్కినది తెలివితో పూర్తి చేయాలని మరికొందరు. ఆ గొడవ చల్లారకముందే పుట్టి, రాజును కొలిచే ఇంట్లో పెరిగి, రాజు వద్దన్న ఒకాయన ఈ రెండు మాటలూ విన్నాడు. ఆకాశంలో చుక్కల నడకకు ఒక క్రమం ఉన్నట్టే మనుషుల నడకకూ ఉంటుంది, ముందు దాన్ని కనిపెట్టండి అన్నాడు. ఈ చదువుకు పేరు నిలబెట్టింది ఆయనే. అదే కాలంలో యంత్రాలు వచ్చి, బొగ్గు వచ్చి, పల్లెలు ఖాళీ అయి పట్నాలు కిక్కిరిసిపోయాయని, ఈ చదువుకు అది రెండో తల్లి అని కూడా సార్ చెప్పేవారు. బొగ్గు సంగతి మా పిల్లలకు చెప్పగానే ఎక్కేది. రాజు సంగతి ఎక్కడానికే కుర్చీ బయట వేయాల్సి వచ్చేది.

పదిహేనేళ్లు విన్నాను కాబట్టి నాకు బాగా అర్థమైందనే అనుకున్నాను.

ఇప్పుడు ఆ ఏటి సంగతి. కొత్త రాష్ట్రం వచ్చింది. ఉద్యమం రోజుల్లో మా పిల్లలు రోడ్డు మీద పొయ్యి పెట్టి వంట చేస్తే నేను కూడా గంట కొట్టడం మానేసి వాళ్ల పక్కన కూర్చున్నాను. నా జన్మలో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే. తర్వాత కొత్త జిల్లా వచ్చింది. కాలేజీ బోర్డు మీద పాత జిల్లా పేరు చెరిపి కొత్తది రాయించాం. మిగిలిన పెయింటు ఎండిపోతుందని నా స్టూలుకు వేసుకున్నాను. ముద్రలు మారాయి, కాగితాలు మారాయి. గదిలో బల్లలు అవే.

ఆ బల్లల మీద కూర్చోవడానికి మా దగ్గర ఒక వరుస ఉండేది. ఎక్కడా రాసి లేదు. గనుల కాలనీ పిల్లలు ముందు, బజారు పిల్లలు మధ్యలో, అడవి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు వెనుక. దీనికో కారణం ఉంది, ఊరికే కాదు. నేను చేరిన కొత్తలో పినపాక అవతలి ఊళ్ల నుంచి వచ్చే బస్సు రోజూ ఆలస్యమే. పాఠం మధ్యలో వచ్చిన పిల్లలు ముందు నుంచి నడిస్తే క్లాసు చెదురుతుందని, వెనుక తలుపు గుండా వచ్చి అక్కడే కూర్చునేవారు. నాకు ముందు పనిచేసిన అటెండరు నాకు అలాగే చూపించాడు. నేనూ అలాగే నడిపించాను.

ఆ ఏడు మొదటి క్లాసు రోజు కుర్చీ బయట వేశాను. సార్ ఎప్పటిలాగే తన మాట చెప్పి వచ్చి కూర్చున్నారు. అంతలో ఏదో కాగితం మీద సంతకం కావాలని ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. "నువ్వు ఈడనే ఉండు అమ్మా. లోపలికి పోకు. వాళ్లు ఏం చేస్తరో చేయనీ" అని వెళ్లారు.

ఉన్నాను. లోపల గోల మొదలైంది. ఎవరో బల్ల మీద దరువు వేస్తున్నారు. అప్పుడే వరండా ఆ చివర ప్రిన్సిపాల్ గారు కనిపించారు. ఆయన వెంట పై నుంచి తనిఖీకి వచ్చిన ముగ్గురు. ఆ రోజు వస్తారని మాకు ఎవరూ చెప్పలేదు. నేను సార్ మాట మరిచిపోలేదు. గుర్తుంది. గుర్తుండే లోపలికి పోయాను.

"ఏందిది? సంతనా, బడినా? లెవ్వుండ్రి. ఎవలి జాగల వాళ్లు కూసోండ్రి."

కొత్త పిల్లలు, వాళ్లకు వాళ్ల జాగా ఎక్కడ తెలుస్తుంది? నేనే వేలు పెట్టి చూపించాను. ఆడపిల్లలు ఇటు, మగపిల్లలు అటు. ఏ ఊరు, ఏ కాలనీ అని అడుగుతూ నువ్వు ముందుకు, నువ్వు మధ్యలోకి, నువ్వు వెనక్కి. మొదటి బల్ల మీద సన్నగా ఒక పిల్ల కూర్చుని ఉంది, ఒళ్లో సంచి పెట్టుకుని. గోల చేసిన వాళ్లలో లేదు.

"ఏ ఊరు?"

పినపాక అవతల ఒక కోయ ఊరి పేరు చెప్పింది.

"ఎనకకు పో."

"నేను బస్సుల రాలె అమ్మా. హాస్టల్ల ఉంట. అందరి కంటె ముందు వచ్చిన."

"అయితేంది? చెప్పినంక పోవాలె."

పోయింది. తనిఖీ వాళ్లు తలుపు దగ్గరికి వచ్చేసరికి గదిలో చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం. ప్రిన్సిపాల్ గారిది మధిర వైపు, మా యాస కాదు. "చూశారా అండీ, లెక్చరర్ లేకపోయినా మా పిల్లలు ఎంత పద్ధతిగా ఉన్నారో" అన్నారు. తనిఖీ ఆయన రాసుకున్నాడు. నేను కొంగు సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను.

వాళ్లు వెళ్లాక సార్ వచ్చారు. గది వైపు చూసి, నా వైపు చూశారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన లోపలికి పోయి బోర్డు మీద బల్లలన్నీ గీసి, ఎవరెవరిది ఏ ఊరో అడిగి వాటి మీద రాశారు. మూడు ముక్కలుగా తేలింది గది. మధ్యలో నిలువునా ఇంకో గీత, ఆడ, మగ.

"నేను గదిల లేను. ప్రిన్సిపాల్ సార్ చెప్పలె. మీ పుస్తకంల లేదు. సర్కారు జీవోల లేదు. మరి గీ గీతలు ఎవ్వలు గీసిన్రు?"

పిల్లలందరూ నా వైపు చూశారు.

"అమ్మను చూడకుండ్రి. అమ్మ చేతితోటి గీయించింది ఎవ్వలు, అది చెప్పుండ్రి."

ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియలేదు. అప్పుడు చూశాను, వెనుక బల్ల మీద ఒక చోటు ఖాళీగా ఉంది. వెనుక తలుపు తీసి ఉంది.

సాయంత్రం హాస్టల్‌కు పోయి అడిగాను. మధ్యాహ్నం బస్సుకే పెట్టె పట్టుకుని ఇంటికి పోయిందని చెప్పారు. ఇలా పోవడం మాకు కొత్త కాదు. ప్రతి ఏడూ మొదటి వారంలో ఇద్దరో ముగ్గురో పోతారు. శనివారం లోపల వచ్చి రిపోర్టు చేయకపోతే పేరు కొట్టేస్తారు, సీటు పోతుంది. ఎన్ని పేర్ల మీద గీత కొట్టిన పుస్తకాలు నేను మోశానో లెక్క లేదు. అవన్నీ ఇంట్లో గడవకనో, మనసు నిలవకనో పోయారని అనుకునేదాన్ని. ఈ పిల్ల ఎందుకు పోయిందో మాత్రం తెలుసు.

"నేను పోయి మాట్లాడుత" అన్నారు సార్.

"మీరు పోతే ఆడపిల్ల ఇంటికి మగ సార్ వచ్చిండని ఊరంత కూడుతది. చేసింది నేను. నేనే పోత" అన్నాను.

బుధవారం సెలవు పెట్టి పోయాను. బస్సు పినపాక దాకా. అక్కడి నుంచి ఆటోలో పోవచ్చు. కాళ్లుండగా ఆటో ఎందుకని నడిచాను. మూడు ఊళ్లు దాటేసరికి ఎందుకో తెలిసింది.

ఇంటి ముందు ఆ పిల్ల, వాళ్ల నాయనమ్మ ఇప్పకాయలు రాయితో కొట్టి పలుకులు వేరు చేస్తున్నారు. పిల్ల నన్ను చూసి లేవలేదు. నాయనమ్మ తమ భాషలో ఏదో అడిగింది. పిల్ల ఏదో చెప్పింది. ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి మళ్లీ రాయి ఎత్తుకుంది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. అరుగు ఉంది, మంచం ఉంది, చాప ఉంది. ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ కూడదో నాకు తెలియలేదు. ఎండలో నిలబడే ఉన్నాను. చాలా సేపే నిలబడ్డాను.

"కూసో అమ్మా" అంది పిల్ల చివరికి.

"ఏడ?"

"నీ ఇష్టం."

నేల మీదే కూర్చుని ఒక రాయి అందుకున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. నేను కొట్టిన కాయలో పలుకు నలిగిపోయింది. ముసలమ్మ నా చేతిలోంచి రాయి లాక్కుని, ఎలా కొట్టాలో చూపించి మళ్లీ ఇచ్చింది. నష్టం ఓర్వలేని మనిషి అని అర్థమై నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

"శనివారం లోపట రాకపోతే సీటు పోతది" అన్నాను.

"తెలుసు."

"కోపం ఉంటే నా మీద చూపియ్యి. చదువు మీద చూపియ్యకు."

"కోపం కాదు అమ్మా. నేను బస్సుల రాలేదని చెప్పిన. నువ్వు విన్నవు. విని గూడ పొమ్మన్నవు. వినకపోతే పోనీ అనుకుందు."

 కాయలు కొట్టాను.

"మమ్ముల గట్ల కూసోబెట్టమని నీకు ఎవ్వలు చెప్పిన్రు?" అని అడిగింది.

"ఎవ్వలు చెప్పలె."

"ప్రిన్సిపాల్ సార్ చెప్పిండా?"

"చెప్పలేదంటున్న గద."

"మరి?"

నేను ఇంకో కాయ అందుకున్నాను. హాస్టల్ స్నేహితురాలు ఫోను చేసి, ఆ రోజు సార్ బోర్డు మీద గీసిన గీతల గురించి, అడిగిన ప్రశ్న గురించి ఈ పిల్లకు అంతా చెప్పిందట.

"సార్ అడిగినదానికి క్లాసుల ఎవ్వలు జవాబు చెప్పలేదంట గద. నువ్వు వచ్చి చెప్పు. అందరి ముందట. నేను అడుగుత, నువ్వు చెప్పు. గప్పుడైతే వస్త."

"నా వయసెంత, నీ వయసెంత? నన్ను క్లాసుల నిలబెట్టి అడుగుతవా?"

"అవ్. అడుగుత."

ముసలమ్మ మధ్యలో ఏదో గొణిగింది. ఏమంటోందని అడిగాను. పిల్ల మొదటిసారి కొంచెం నవ్వింది. "నువ్వు వచ్చిన కాడి నుంచి ఇరవై కాయలు ఖరాబు చేసినవంట. ఇగ నిన్ను పోనియ్యి అంటున్నది."

ఒప్పుకుంటానని నేను అనలేదు. లేచి వచ్చేశాను. గురువారం, శుక్రవారం పని చేస్తున్నానే గాని మనసు అక్కడే ఉంది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ప్రశ్న అడిగి ఎరగరు. చెప్పిన పని చేశాను, చెప్పని పని కూడా చేశాను. ఆ చెప్పని పని ఎవరిదని అడిగితే ఏం చెప్పాలి? శుక్రవారం సాయంత్రం సార్‌తో అన్నాను, ఆ పిల్ల వస్తే క్లాసులో నిలబడతానని. ఆమె ఊరికి ఫోను చేసి చెప్పమన్నాను.

ప్రిన్సిపాల్ గారికి తెలిసి మమ్మల్నిద్దరినీ పిలిచారు. "ఇదేంటండీ మాస్టారూ, స్టాఫ్‌ని పిల్లల చేత ప్రశ్నలు వేయించడం ఏంటి? రేపు ఎవరైనా కంప్లైంట్ ఇస్తే? పాఠం చెప్పుకోక ఎందుకీ గొడవ?"

"ఇదే పాఠం సార్."

"ఏమ్మా, నిన్ను బలవంతం చేశారా?"

"నన్ను బలవంతం చేసేటోళ్లు ఈ కాలేజీల ఎవరున్నరు సార్" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అదీ నిజమే అన్నట్టు తల ఊపి పంపేశారు.

శనివారం పిల్ల వచ్చింది, పెట్టెతో సహా. ముందు ఆఫీసుకు పోలేదు, రిపోర్టు చేయలేదు. నేరుగా క్లాసుకు వచ్చింది. పెట్టె తలుపు బయట పెట్టింది. నా జవాబును బట్టి పెట్టె ఎటు పోతుందో తేలుతుందని నాకు తెలిసింది. సార్ వెనుక బల్ల మీద కూర్చున్నారు. పిల్ల నోటు పుస్తకం తెరిచి వేదిక కింద నిలబడింది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఎన్నేండ్ల సంది గిట్ల కూసోబెడుతున్నవ్ అమ్మా?"

"వచ్చిన కాడి నుంచి."

"ఎవ్వలు నేర్పిన్రు?"

"నాకు ముందు చేసినాయన. గాయనకు బస్సు నేర్పింది. గప్పట్ల బస్సు లేటు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు టైముకే వస్తది. ఏడెనిమిదేండ్లు అయితుంది."

"మరి ఈ ఏడెనిమిదేండ్లు?"

"బస్సు టైమే మారింది" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు, రాసుకుంది.

"నువ్వు బడికి పోయినప్పుడు ఏడ కూసున్నవ్?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు.

"తలుపు పక్కన" అన్నాను. "ఇల్లందు దగ్గర మా ఊరు. మా నాయిన బొగ్గు తట్టలు మోసేటోడు. మసి బట్టలు, వేరే పిల్లలకు అంటుతదని పంతులు తలుపు పక్కన చాప ముక్క వేయించిండు."

"నీ బట్టలకు మసి ఉంటుండెనా?"

"మా అమ్మ రోజు ఉతికి ఆరేసేది. ఉండకపోయేది."

"పంతులుకు చెప్పినవా?"

"చెప్పిన. అయితేంది, పో అన్నడు."

 నేను ఆమెతో అన్న మాటే నా నోట్లోంచి వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

"మరి నువ్వేం చేసినవ్?"

చదువు ఎందుకు మానేశావని నన్ను అడిగిన ప్రతివాళ్లకూ ఇంట్లో గడవలేదనే చెప్పుకుంటూ వచ్చాను. కట్టుకున్నాయనకు అదే చెప్పాను, పిల్లలకూ అదే చెప్పాను. చెప్పీ చెప్పీ నేనూ అదే అనుకున్నాను. ఇంట్లో ఇబ్బంది నిజమే గాని, నాయిన నన్ను మానమనలేదు.

"ఐదు అయిపోయినంక మళ్ల పోలె" అన్నాను.

ఆమె వెంటనే రాయలేదు. కలం పట్టుకుని కాసేపు నా వైపు చూసింది. జాలిగా చూసి ఉంటే నేను అక్కడి నుంచి పోయేదాన్ని. జాలి లేదు. లెక్క కుదిరిన మనిషిలా చూసింది. తర్వాత రాసుకుంది. వెనుక బల్ల మీద సార్ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. పదిహేనేళ్లలో ఆయన ఒక పావుగంట నోరు మెదపకుండా ఉండటం గది లోపల అదే మొదలు.

చదువుకునే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. రాజులు పోతారు, రాష్ట్రాలు వస్తాయి, బోర్డులు మారతాయి. అది చిన్న సంగతి అని నేను అనను, రోడ్డు మీద కూర్చున్నదాన్ని కదా. అవి మారబట్టే మారనివి కంటికి కనబడ్డాయి. వేల మైళ్ల దూరాన ఫ్రాన్స్ వాళ్లకు అలాగే కనబడ్డాయట, వాళ్లు దాన్ని ఒక చదువు చేశారు. నాకు కనబడటానికి పదిహేనేళ్లు ఆ పాఠం విన్నా సరిపోలేదు, ఒక పిల్ల ఎదురుగా నిలబడి అడగాల్సి వచ్చింది.

ఆమె పుస్తకంలో పేజీ తిప్పింది.

"ఆఖరుది అమ్మా. ఇప్పుడు నేను ఏడ కూసోవాలె?"

నేను నోరు తెరవలేదు. నీ ఇష్టం అని కూడా అనకూడదని, ఇష్టం ఇవ్వడానికి నేనెవరినని అనుకుంటూ నిలబడ్డాను. ఆమె ఏదో రాసుకుంది. నేను ఏమీ చెప్పకుండానే ఏం రాస్తున్నట్టు?

"ఏం రాసినవే?"

"చెయ్యి లేసింది అని రాసిన."

చూసుకున్నాను. నిజమే. కుడి చేయి నడుము దాకా లేచి, వేలు చాచి ఉంది. ఎటు చూపించబోయిందో నాకూ తెలియదు. దించేశాను.

"దించిన గద" అన్నాను.

"అది గూడ రాస్త" అంది. రాసింది. పుస్తకం మూసి, బయటకు పోయి, పెట్టె లోపలికి తెచ్చుకుంది.